ఫ్యూచర్ కంటిన్యూయస్ ఎలా నేర్పాలి? గుంటూరు–బెజవాడ బస్సుతో మొదలుపెట్టండి

బోర్డు మీద 'విల్ ప్లస్ బి ప్లస్ ఐఎన్‌జీ' అని రాసి, కింద నాలుగు వాక్యాలు చెప్పేస్తే ఇంగ్లిష్‌లో ఫ్యూచర్ కంటిన్యూయస్ టెన్స్, అంటే 'రేపు ఫలానా టైమ్‌కి చేస్తూ ఉంటాను' అని చెప్పే రూపం, అయిపోయిందనుకుంటాం. పిల్లలు పరీక్షలో ఖాళీలు బాగానే నింపుతారు. అదే పిల్లవాణ్ణి 'రేపు సాయంత్రం ఐదున్నరకి ఏం చేస్తుంటావ్?' అని ఇంగ్లిష్‌లో అడిగితే 'ఐ విల్ గోయింగ్' అంటాడు. సూత్రం నోటికి వచ్చింది కానీ దాంతో ఏం పనో వాడికి ఎవరూ చెప్పలేదు. కాబట్టి సూత్రాన్ని చివరికి నెట్టేయండి. ముందు ఒక టైమ్ చూపించాలి, ఆ టైమ్‌కి సగంలో ఉన్న పని ఒకటి చూపించాలి. స్కూలు పిల్లలకైనా, బ్రాడీపేటలో స్పోకెన్ ఇంగ్లిష్‌కి వచ్చే డిగ్రీ వాళ్లకైనా ఇదే వరస.

ముందు వాళ్లకు వచ్చింది రాబట్టండి

'రేపు రాత్రి పదింటికి ఎక్కడుంటావ్?' అని అడగండి. 'ఐ విల్ బి ఎట్ హోమ్' అని దాదాపు అందరూ చెప్పగలరు. ఆ వాక్యాన్ని బోర్డు మీద రాసి, 'ఎట్ హోమ్' చెరిపేసి, అక్కడ 'స్లీపింగ్' అని రాయండి. అంతే, టెన్స్ పుట్టేసింది. 'విల్ బి' అప్పటికే నోట్లో ఉంది కాబట్టి 'బి'ని మింగేసే అలవాటు సగం ఇక్కడే తగ్గుతుంది. ప్రెజెంట్ కంటిన్యూయస్ సరిగా రాని పిల్లలుంటే మాత్రం ఆ రోజుకి ఇది ఆపి, 'ఐ యామ్ ఈటింగ్' దగ్గరికి వెనక్కి వెళ్లడమే మంచిది. పోర్షన్ టెన్షన్‌లో ముందుకు తోసేస్తే రెండూ కలిసిపోతాయి.

తర్వాత బోర్డు మీద ఒక గీత

ఎడమ చివర గుంటూరు బస్టాండ్, కుడి చివర విజయవాడ పండిట్ నెహ్రూ బస్ స్టేషన్. సుమారు 35 కిలోమీటర్లు, ట్రాఫిక్ లేకపోతే నాన్‌స్టాప్ బస్సుకి ఓ గంట. గుంటూరు కింద 5 గంటలు, విజయవాడ కింద 6 గంటలు వేయండి. మధ్యలో వరసగా కాజా టోల్‌గేట్, మంగళగిరి, తాడేపల్లి, కనకదుర్గ వారధి. ఈ పేర్లు మీరు చెప్పకండి, పిల్లలే అరిచి చెబుతారు.

ఇప్పుడు సుద్దముక్కే బస్సు. గీత మీద మెల్లగా జరుపుతూ మంగళగిరి దగ్గర ఆపి, 'ఎక్కారా?' అని తెలుగులోనే అడగండి. ఎక్కారు. 'దిగారా?' ఇంకా లేదు. ఎక్కేశారు, ఇంకా దిగలేదు. ఈ టెన్స్ చెప్పేదంతా ఇదే. అప్పుడు వాక్యం: 'ఎట్ ఫైవ్ థర్టీ, వి విల్ బి పాసింగ్ మంగళగిరి.' సుద్దముక్కను వారధి మీదికి జరిపితే 'వి విల్ బి క్రాసింగ్ ద రివర్.'

ఇక బస్సులో ఎవరెవరు ఏం చేస్తుంటారో అడగండి. క్లాసులో అసలు సరదా ఇక్కడే. 'మై ఫ్రెండ్ విల్ బి స్లీపింగ్', 'ఐ విల్ బి లిజనింగ్ టు సాంగ్స్', 'ద మ్యాన్ నెక్స్ట్ టు మి విల్ బి షౌటింగ్ ఇంటు హిజ్ ఫోన్'. ఈ చివరిదానికి అందరూ నవ్వుతారు, ఎందుకంటే ఆ పెద్దమనిషి ప్రతి బస్సులోనూ ఉంటాడు.

తప్పు దిద్దడానికి మూడు వేళ్లు చాలు. చూపుడు వేలు 'విల్', మధ్య వేలు 'బి', ఉంగరం వేలు 'గోయింగ్'. ఎవరైనా 'ఐ విల్ గోయింగ్' అంటే మీరేమీ అనకుండా మధ్య వేలు మడవండి. 'ఐ విల్ బి గో' అంటే ఉంగరం వేలు. ఏం పోయిందో పిల్లలే వెతుక్కుని చెబుతారు. సూత్రం బోర్డు మీద రాయాలనిపిస్తే ఇప్పుడు రాయండి.

సింపుల్ ఫ్యూచర్‌తో తేడా చూపించండి

దీనికి అల్లుడి ఉదాహరణకి మించింది లేదు. 'వెన్ హి కమ్స్, వి విల్ కుక్' అంటే అల్లుడు గుమ్మంలోకి వచ్చాక అప్పుడు పొయ్యి వెలిగిస్తారు. 'వెన్ హి కమ్స్, వి విల్ బి కుకింగ్' అంటే ఆయన వచ్చేసరికి గుత్తొంకాయ కూర పొయ్యి మీద ఉడుకుతూ ఉంటుంది. రెండిట్లో ఏ ఇంటికి అల్లుడు మళ్లీ వస్తాడని అడగండి. తేడా మళ్లీ చెప్పక్కర్లేదు.

ఇక్కడే ఇంకో తప్పు బయటపడుతుంది, 'వెన్ హి విల్ కమ్' అనడం. 'వెన్' తర్వాత 'విల్' రాదని బట్టీ పట్టించే బదులు, తెలుగులో మనం 'వచ్చేసరికి' అంటామే గానీ 'వస్తాడు సరికి' అనం కదా అని గుర్తుచేయండి. ఆ ముక్కలో భవిష్యత్తు మనకూ లేదు, వాళ్లకూ లేదు. ఇది 'వెన్ విల్ హి కమ్?' అనే ప్రశ్నకి వర్తించదని కూడా అప్పుడే చెప్పేయండి, లేకపోతే దాన్నీ చెడగొడతారు.

'రోజూ' ఉంటే జాగ్రత్త

మన వాళ్లకి ఎక్కువ కాలం పట్టేది ఈ మెట్టు. 'రేపు ఈ టైమ్‌కి చదువుతూ ఉంటాను', 'రోజూ పేపర్ చదువుతూ ఉంటాను' అని రెండిటికీ తెలుగులో ఒకే రూపం. అందుకే 'డైలీ ఐ విల్ బి రీడింగ్ ద పేపర్' అనేస్తారు. ఇంగ్లిష్‌లో ఆ అలవాటుకి 'ఐ రీడ్ ద పేపర్ ఎవ్రీ డే' చాలు. వాక్యం కట్టేముందు 'ఏ టైమ్‌కి?' అని తమనే తాము ప్రశ్నించుకోమనండి. రేపు ఐదింటికి, అమ్మ వచ్చేసరికి, వచ్చే ఆదివారం ఈపాటికి అని జవాబు వస్తే ఫ్యూచర్ కంటిన్యూయస్. ఇప్పుడున్న అలవాటే అయితే 'విల్' జోలికే వెళ్లొద్దు. ఒక్క క్లాసులో ఇది పోదు. వారం పొడుగునా, హాజరు తీసుకునేటప్పుడు కూడా, ఇలాంటి జంట వాక్యాలు ఒకటీ అరా అడుగుతూ ఉండాలి.

'నో' (తెలిసి ఉండటం), 'లైక్', 'బిలీవ్' లాంటి క్రియలతో ఈ టెన్స్ మామూలుగా రాదని ఒక మాట చెప్పండి. 'ఐ విల్ బి నోయింగ్' తప్పు. 'హావ్' మాత్రం తినడం అన్న అర్థంలో వస్తుంది, 'వి విల్ బి హావింగ్ లంచ్' అనొచ్చు. ఇంతకంటే జాబితాలు అక్కర్లేదు.

ప్రశ్నల్లో ఉన్న మర్యాద

'విల్ యు కమ్ టుమారో?' అంటే చాలాసార్లు రమ్మని అడిగినట్టు ఉంటుంది. 'విల్ యు బి కమింగ్ టుమారో?' అంటే రమ్మని ఒత్తిడి లేదు, మీ ప్లాన్ ఏమిటని మాత్రమే కనుక్కోవడం. మన 'రేపు వస్తారా?', 'రేపు వస్తున్నారా?' మధ్య కూడా దాదాపు ఇదే తేడా. హోటల్ రిసెప్షన్‌లోనో, షోరూమ్‌లోనో ఉద్యోగం చూసుకునే వాళ్లకి ఇది గట్టిగా సాధన చేయించాలి. 'హౌ విల్ యు బి పేయింగ్, సర్?', 'హౌ లాంగ్ విల్ యు బి స్టేయింగ్?' వంటివి కౌంటర్ దగ్గర రోజూ పనికొస్తాయి. గన్నవరంలో దిగబోయే విమానంలో 'వి విల్ బి ల్యాండింగ్ షార్ట్‌లీ' అంటే పని సగంలో ఉందని కాదు, అనుకున్న ప్రకారం జరగబోతోందని. ఈ వాడకాన్ని ముందే చెబితే బస్సు గీత నేర్పిన విషయం గందరగోళమవుతుంది. అందుకే రెండో రోజుకి ఉంచండి.

చివరగా జంటల ఆట

ఇద్దరికీ శనివారం సాయంత్రం 4 నుంచి 9 దాకా గంటగంటకీ గళ్లు గీసిన చెరో కాగితం ఇవ్వండి. ఒకరి కాగితంలో బీసెంట్ రోడ్‌లో షాపింగ్, దుర్గ గుడి, ట్యూషన్. ఇంకొకరి దాంట్లో క్రికెట్, డెంటిస్ట్, పిన్ని వాళ్లింట్లో పుట్టినరోజు. ఇద్దరికీ ఒక్క గంట మాత్రమే కలిసి ఖాళీ ఉండేలా చూసుకోండి. ఒకరి కాగితం ఒకరు చూడకుండా, ఫోన్‌లో మాట్లాడుతున్నట్టు ఆ గంటను కనిపెట్టాలి. 'ఆర్ యు ఫ్రీ ఎట్ సిక్స్?' 'నో, ఐల్ బి షాపింగ్ విత్ మై మదర్.' 'ఐ విల్ బి' అని విడదీసి పలకడం మానిపించి 'ఐల్ బి', 'వోంట్ బి' అలవాటు చేయడానికి ఇదే సమయం. మీరు మధ్యలో దూరకుండా తప్పులు కాగితం మీద రాసుకుని, ఆట అయ్యాక పేర్లు చెప్పకుండా బోర్డు మీద దిద్దించండి.

క్లాసులో తెలివైన పిల్లాడెవడో దీనికి పాసివ్ వాయిస్ ఏమిటని తప్పకుండా అడుగుతాడు. 'విల్ బి బీయింగ్ కుక్డ్' అని వ్యాకరణం ప్రకారం కట్టొచ్చు గానీ మాటల్లో దాదాపు ఎవరూ అనరని చెప్పి, వాడి చేతికి ఆట కాగితం ఇచ్చేయండి.