పొలంలో పెగ్గు దిగకముందే: మన ఊరి వైపు హైటెన్షన్ లైన్ వస్తుంటే ఏం చేయాలి

పొలంలో ఎర్ర రంగు పూసిన పెగ్గు, అంటే సర్వే వాళ్లు గుర్తుగా దించే మేకు, కనబడిన రోజున ఊరంతా గుమిగూడుతుంది, కానీ అప్పటికే చాలా పని అయిపోయి ఉంటుంది. దక్షిణ ఒడిశాలో గుణుపురం నుంచి కాశీనగర్, పర్లాకిమిడి దాకా వంశధార పక్క ఊళ్లలో నేను నాలుగేళ్లు సర్వే గ్యాంగుల వెంట తిరిగాను, దూరాలూ కోణాలూ కొలిచే టోటల్ స్టేషన్ మోశాను, దానికి గురిగా పెట్టే ప్రిజం కర్ర పట్టుకుని ఎండలో నిలబడ్డాను. ఆ తర్వాత మా సొంత జీడి తోటలోనే టవర్ పడింది. రెండు వైపులా చూశాక నాకు అర్థమైంది ఇది: లైన్ కాగితం మీద గీతగా ఉన్నప్పుడు అర కిలోమీటరైనా జరుగుతుంది, పెగ్గులు దిగాక పది ఇరవై మీటర్లు జరిగితే గొప్ప, కాంక్రీటు పోశాక ఇక కదలదు. అందుకే ఏ దశలో ఎవరితో ఏం మాట్లాడాలో ముందే తెలుసుకుని ఉండాలి.

మొదట ఆ లైన్ ఎవరిదో, ఎందుకో కనుక్కోండి. మన జిల్లాల మీదుగా వెళ్లేవి రెండు రకాలు. జయపురం నుంచి గాజువాకకు వెళ్లే 400 కేవీ (కేవీ అంటే వెయ్యి ఓల్టులు) లైన్, అంగుల్ నుంచి శ్రీకాకుళం వెళ్లే 765 కేవీ లైన్ లాంటివి రాష్ట్రాల మధ్య కరెంటు మోసేవి, వాటి వల్ల మన ఊరి బల్బు ఒక్కటి కూడా అదనంగా వెలగదు. ఒడిశా పవర్ ట్రాన్స్‌మిషన్ కార్పొరేషన్, అంటే ఓపీటీసీఎల్ వేసే 132, 220 కేవీ లైన్లు చాలావరకు మన దగ్గరి సబ్‌స్టేషన్ కోసమే వస్తాయి. మొదటి రకం దగ్గర మన మాట రూట్ గురించి, పరిహారం గురించి. రెండో రకం దగ్గర అసలు సబ్‌స్టేషన్ ఎక్కడ పెట్టాలో కూడా మనం చెప్పొచ్చు, చెప్పాలి. ఇప్పటికే ఉన్న లైన్ ఎన్ని కేవీదో తెలియకపోతే టవర్ చేతికి వేలాడే పింగాణీ పళ్లేలు లెక్కపెట్టండి: 132కి తొమ్మిదో పదో, 220కి పదమూడు పద్నాలుగు, 400కి ఇరవై మూడు దాకా ఉంటాయి. అంచనాకు అది చాలు.

సబ్‌స్టేషన్ మాకు కావాలి అని అడిగే ఊళ్లకు ఒక మాట. రాత్రి ఏడు గంటలకు ఫ్యాను తిరగదు, మోటార్లు కాలిపోతున్నాయి అని అర్జీ రాస్తే దాన్ని ఫైల్లో పెట్టి ఊరుకుంటారు. దానికి బదులు ఒక నోటుబుక్కు తీసుకుని ట్రాన్స్‌ఫార్మర్‌కు దగ్గర ఇంట్లో, చివరి ఇంట్లో, లిఫ్ట్ ఇరిగేషన్ మోటారు దగ్గర రోజుకు మూడుసార్లు ఓల్టేజీ రాయండి. ఎండాకాలం, ఖరీఫ్ నాట్లు, రబీ, మూడు కాలాల్లోనూ. మోటార్లు ఎన్ని, రైస్ మిల్లులు ఎన్ని, జీడిపప్పు యూనిట్లు ఎన్ని, రాబోయే రెండు మూడేళ్లలో కొత్తగా ఏం కనెక్షన్లు అడగబోతున్నారు, అన్నీ పంచాయతీల వారీగా రాయండి. కారణం చాలా సులువు. దూరాన ఉన్న సబ్‌స్టేషన్ నుంచి 33 కేవీ తీగ మీద కరెంటు లాక్కొస్తే దారిలోనే ఓల్టేజీ పడిపోతుంది. అదే లోడును 132 కేవీలో తెస్తే తీగలో పారే కరెంటు నాలుగో వంతవుతుంది, అదే మందం తీగలో వేడిగా పోయే నష్టం పదహారో వంతుకు దిగుతుంది. ఈ లెక్క ఇంజనీర్లకు మనకంటే బాగా తెలుసు, వాళ్లకు కావాల్సింది మన దగ్గర లోడు ఎంతుందో చూపే అంకెలు. దక్షిణ ఒడిశాలో పంపిణీ 2021 నుంచి టాటా పవర్ వాళ్ల టీపీఎస్‌ఓడీఎల్ చేతిలో ఉంది, లోడు లెక్క అక్కడి నుంచే ఓపీటీసీఎల్‌కు వెళ్తుంది. ఒక ప్రతి అక్కడ ఇవ్వండి, ఇంకో ప్రతి ఓపీటీసీఎల్‌కు. భువనేశ్వర్‌లో విద్యుత్ నియంత్రణ మండలి విచారణ జరిపినప్పుడు లిఖితపూర్వకంగా కూడా పంపొచ్చు. ఒడియాలో రాయించండి. మన ఇళ్లలో తెలుగే మాట్లాడుకుంటాం, కానీ ఫైలు నడిచేది ఒడియాలోనూ ఇంగ్లీషులోనూ.

దగ్గర్లో ఇప్పటికే 132 కేవీ లైన్ వెళ్తుంటే కొత్త లైన్ మొదటి నుంచి వేయమని అడగక్కర్లేదు. ఉన్న లైన్‌ను ఒకచోట తెంచి, సబ్‌స్టేషన్‌లోకి తెచ్చి, మళ్లీ బయటికి పంపడం అనే పద్ధతి ఉంది, ఇంజనీర్లు దాన్ని లైలో అంటారు. కొత్త టవర్లు తగ్గుతాయి, పొలాలు మిగులుతాయి. పైగా రెండు వైపుల నుంచి కరెంటు వచ్చే వీలుంటుంది కాబట్టి ఒకవైపు లైన్ పడిపోయినా ఊరు చీకట్లో ఉండదు.

ఇక రూట్. ఆఫీసులో ముందు సర్వే ఆఫ్ ఇండియా మ్యాపు, ఉపగ్రహ చిత్రం పెట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకు తిన్నగా ఒక గీత గీస్తారు. తర్వాత అడవి, ఊరు, చెరువు, రైల్వే లైను, కొండ చూసి మామూలుగా మూడు రూట్లు తయారు చేస్తారు. ఆ తర్వాత కాలినడకన ఒకసారి చూసి వెళ్తారు. మీరు పట్టుకోవాల్సింది ఈ దశనే. ఇద్దరు ముగ్గురు జీపులో వచ్చి, చేతిలో జీపీఎస్ పట్టుకుని, టీ కొట్టు దగ్గర ఆగి ఊరి పేరు అడిగి పోతారు. ఎవరూ పట్టించుకోరు. ఆ రోజే వాళ్లను కూర్చోబెట్టి, ఏ ఆఫీసు, ఏ లైన్, ఎన్ని కేవీ, సర్వే చేస్తున్న ఇంజనీరు ఎవరు అని అడిగి రాసుకోవాలి.

వాళ్లు వచ్చేలోపే ఊరి మ్యాపు మన దగ్గర ఉండాలి. ఒడిశా భూమి రికార్డుల వెబ్‌సైటు భూలేఖ్‌లో గ్రామ నక్షా (మ్యాపు) దొరుకుతుంది, భూమి కొలిచే అమీన్ ఎవరైనా సాయం చేస్తే ఇంకా మంచిది. దాని మీద రంగులతో గుర్తు పెట్టండి: ఇళ్లు, వచ్చే పదేళ్లలో ఇళ్లు పెరిగే వైపు, బడి, బోర్లు, జీడి మామిడి తోటలు, శ్మశానం, గ్రామదేవత చోటు, సవర ఊళ్లయితే వాళ్లు పూజ చేసుకునే చెట్లు, వంశధార వరద ఎంతవరకు వచ్చిందో ఆ గీత. లఖారీ లోయ వైపు ఊళ్లయితే ఏనుగులు నడిచే దారి కూడా. ఇవేవీ ఉపగ్రహ చిత్రంలో కనబడవు. మా చిన్నాన్న ఊళ్లో ఇలాంటి మ్యాపు ఇచ్చారు, ఇంజనీరు దాన్ని మడిచి ఫైల్లో పెట్టుకుని, రూట్‌ను బీడు భూమి వైపు జరిపించారు. ఖర్చు పెద్దగా పెరగకపోతే వాళ్లకూ అదే నయం, గొడవ లేని పొలంలో పని త్వరగా అవుతుంది.

అయితే ఎంత జరపమని అడగాలో తెలిసి అడగండి. లైన్ మలుపు తిరిగే ప్రతిచోట బరువైన యాంగిల్ టవర్ కావాలి. రెండు డిగ్రీల లోపు తిన్నగా పోయే టవర్ తేలిక, మలుపు 30 డిగ్రీలు దాటితే అన్నిటికంటే బరువైన రకం వేయాలి, ఇనుమూ కాంక్రీటూ బాగా పెరుగుతాయి. ఒక్కో ఇంటికి ఒక్కో మలుపు అడిగితే ఎవరూ ఒప్పుకోరు. మూడు నాలుగు ఊళ్లు కలిసి ఒకే పెద్ద మలుపు అడిగితే వినే అవకాశం ఎక్కువ. ఊరికో దిక్కు లాగితే గీత గీసినట్టే ఉంటుంది.

వివరమైన సర్వే మొదలయ్యాక సంగతి వేరు. యాంగిల్ పాయింట్లు, అంటే లైన్ మలుపు తిరిగే చోట్లు, ఖాయమైపోతాయి, వాటి మధ్య లైన్ తిన్నగా పోవాలి. ఇప్పుడు టవర్‌ను పక్కకు జరపమంటే కుదరదు, కానీ లైన్ వెంబడి ముందుకో వెనక్కో జరపొచ్చు. ఇది చాలామందికి తెలియదు, మాకూ తెలియలేదు, అందుకే మా తోట నడిమధ్యలో పడింది. 132 కేవీలో రెండు టవర్ల మధ్య సుమారు 320 మీటర్లు, 400 కేవీలో 400 మీటర్ల దాకా ఉంటుంది. పొలం మధ్యలో కాకుండా గట్టు మీదకో, రెండు కమతాల సరిహద్దుకో తెచ్చేంత సందు చాలాసార్లు ఉంటుంది. "గట్టు మీదకు తెండి, ఎన్ని మీటర్లు జరపగలరు?" అని సూటిగా అడగండి. ట్రాక్టరు తిరిగే దారి పోతుందా, కాలువ తెగుతుందా అన్నది పొలం యజమానే అక్కడ నిలబడి చూపించాలి.

తుఫాను సంగతి తప్పకుండా ఎత్తండి. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018 అక్టోబర్‌లో తిత్లీ చూశాం. తిత్లీకి గజపతి కొండల్లో కొండచరియలు విరిగి మనుషులు పోయారు, స్తంభాలు లెక్కలేనన్ని పడ్డాయి. టవర్ డిజైన్‌లో ఏ గాలి వేగం పట్టారు, సెకనుకు 50 మీటర్లా ఇంకా తక్కువా అని అడగండి. ఏటి ఒడ్డున పడే టవర్‌కు ఒడ్డు కోసుకుపోతే ఏం చేస్తారో, కొండ వాలులో పడేదానికి రాతి కట్టు కడతారో లేదో అడగండి. పాత వరద గుర్తు చూపిస్తే పునాది డిజైన్ మారుతుంది.

కొన్ని కొలతలు గుర్తుంచుకోండి. లైన్ కింద పట్టే దారి వెడల్పు 132 కేవీకి 27 మీటర్లు, 220కి 35, 400కి 46. తీగ బాగా కిందికి వేలాడినప్పుడు కూడా నేల నుంచి 132కి 6.1 మీటర్లు, 220కి 7, 400కి 8.8 మీటర్ల ఎత్తు తగ్గకూడదు. ఆ దారిలో వరి, పసుపు, కూరగాయలు వేసుకోవచ్చు. ఇల్లు కట్టకూడదు, నీలగిరి, టేకు లాంటి ఎత్తు చెట్లు పెంచకూడదు. కాగితపు మిల్లు కోసం నీలగిరి వేసిన రాయగడ రైతులు ఈ నష్టాన్ని ముందే లెక్క వేసుకోవాలి.

చట్టం ఏమంటుందో కూడా దాచకుండా చెప్పాలి. విద్యుత్ చట్టం 2003లో 164వ సెక్షన్ కింద ప్రభుత్వం అధికారం ఇచ్చిన లైన్లకు 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం అధికారాలు ఉంటాయి. అంటే మీరు వద్దన్నంత మాత్రాన లైన్ ఆగదు. భూమిని వాళ్లు కొనరు, పట్టా మీ పేరునే ఉంటుంది, వాడుకునే హక్కు మాత్రం తీసుకుంటారు, జరిగిన నష్టానికి డబ్బివ్వాలి. అడ్డుపడితే కలెక్టర్ ఉత్తర్వు తెచ్చుకుంటారు, పరిహారం చాలలేదంటే మీరు జిల్లా జడ్జి దగ్గరకు వెళ్లొచ్చు. 2023 టెలికాం చట్టం వచ్చినా కరెంటు లైన్ల వరకు పాత పద్ధతినే ఉంచారు. 164 కింద ఇచ్చిన ఉత్తర్వు కాపీ అడగండి, అది లేకుండా మొదలుపెడితే మీ చేతిలో బలం ఎక్కువ.

రికార్డులో అడవి కిసం (రకం) అని ఉన్న భూమి మీదుగా పోతే అటవీ అనుమతి వేరుగా కావాలి, దరఖాస్తు కేంద్ర పర్యావరణ శాఖ పరివేశ్ పోర్టల్‌లో కనబడుతుంది. పొడవాటి ప్రాజెక్టులకు గ్రామసభ సమ్మతి నుంచి 2013లో కేంద్రం మినహాయింపు ఇచ్చినప్పుడు కూడా ఆదిమ గిరిజన సమూహాల హక్కులు దెబ్బతినే చోట ఆ మినహాయింపు లేదని చెప్పింది. లంజియా సవరలు, డోంగ్రియా కొంధులు ఆ జాబితాలో ఉన్నారు. కొండ ఊళ్ల వాళ్లకు ఈ సంగతి చెప్పడం కింద ఊళ్లలో ఉన్న మన బాధ్యత, ఎందుకంటే కాగితాలు చదివేవాళ్లు ఎక్కువగా మన వైపే ఉంటారు.

డబ్బు దగ్గర అందరూ టవర్ కిందున్న స్థలం కోసమే పోట్లాడతారు. లెక్క వేసి చూడండి. కేంద్ర విద్యుత్ శాఖ 2024 జూన్ మార్గదర్శకాల ప్రకారం టవర్ కింది స్థలానికి భూమి విలువకు రెండింతలు, లైన్ దారికి 30 శాతం. టవర్ స్థలమంటే నాలుగు కాళ్ల మధ్య చోటు, దానికి చుట్టూ ఒక మీటరు కలపాలి. కాళ్ల మధ్య 6 మీటర్లుంటే లెక్కకు 8, అంటే 64 చదరపు మీటర్లు, ఒకటిన్నర సెంటు పైచిలుకు. దానికి రెండింతలంటే 128 చదరపు మీటర్ల విలువ. అదే పొలంలో 132 కేవీ లైన్ 100 మీటర్లు పోతే దారి 2,700 చదరపు మీటర్లు, అందులో 30 శాతం 810 చదరపు మీటర్ల విలువ. టవర్ పడని పొలం యజమానులు తమకేమీ రాదనుకుని మీటింగులకు రావడం మానేస్తారు, అసలు పెద్ద మొత్తం వాళ్లదే. రాష్ట్రం సొంతంగా ఉత్తర్వు ఇస్తే దాన్నే అమలు చేస్తారు, కాబట్టి మీ లైన్‌కు ఏది వర్తిస్తుందో కలెక్టరేట్ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. పంటకు, చెట్లకు ఇచ్చేది దీనికి అదనం. పంట నష్టం ఒక్కసారితో పోదు: పునాది తవ్వేటప్పుడు, టవర్ నిలబెట్టేటప్పుడు, తీగ లాగేటప్పుడు, మూడుసార్లు తొక్కుతారు. ప్రతిసారీ ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) సమక్షంలో పంచనామా రాయించండి, చెట్ల వయసు, కాపు రాయించండి, ఫోటోలు తీయండి.

పట్టా ఎవరి పేరున ఉందో ఈ రోజే చూసుకోండి. మా పట్టా తాత పేరున ఉండిపోయింది, వారసుల పేరుకు మార్చే మ్యుటేషన్ అయ్యేదాకా మా డబ్బు దాదాపు రెండేళ్లు ఆగింది, అమ్మ ఆ ఆఫీసు మెట్లు ఎన్నిసార్లు ఎక్కిందో లెక్కలేదు. లైన్ మాట వినబడగానే తహసీల్ ఆఫీసులో మ్యుటేషన్ దరఖాస్తు పెట్టేయండి.

తీగ లాగాక లైన్‌లోకి కరెంటు వదిలేముందు ఒకసారి నడవండి. కింద ఇనుప తీగ కంచె ఉంటే దానికి ఎర్త్ వేయమని అడగండి, పైన లైన్ ఉంటే ముట్టుకోకుండానే కంచెలో కరెంటు పుడుతుంది. టవర్ కాలికి ఆవును కట్టొద్దు, బట్టలు ఆరేయొద్దు, పిల్లలకు చెప్పండి. తీగ ఎత్తు మీద అనుమానం వస్తే వెదురు గడ ఎత్తి కొలవొద్దు, తాకకపోయినా ప్రాణం పోతుంది. తీగ వేడెక్కితే సాగి కిందికి దిగుతుంది, అందుకే మే నెల మధ్యాహ్నం, లోడు మీద ఉన్నప్పుడు పరికరంతో కొలవమని అర్జీ ఇచ్చి, కొలిచే రోజు మీరూ పక్కనే నిలబడి ఆ అంకె మీ నోటుబుక్కులో రాసుకోండి.