బెయిట్‌కాస్టింగ్ రీలు కొనేముందు నాణ్యత, ధర పోల్చి చూడటం ఎలా?

సంక్రాంతికి మిద్దె మీద పతంగి ఎగరేసిన హైదరాబాదీకి చేపలు పట్టే ఈ రీలు గురించి సగం చెప్పనక్కర్లేదు. పతంగి లాగినంతసేపూ చరఖా మీది మాంజా సాఫీగా పోతుంది. గాలి పడిపోయి పతంగి లాగడం ఆపినా, చరఖా మాత్రం తన జోరులో తిరుగుతూనే ఉంటుంది. పట్టుకున్నవాడు అరచేయి అడ్డం పెట్టకపోతే దారమంతా ఉండకట్టి ఇక పండగంతా చిక్కులు విప్పడమే. బెయిట్‌కాస్టింగ్ రీలులో జరిగేదీ ఇదే. స్పిన్నింగ్ రీలులో ఎర విసిరేటప్పుడు, గాలపు దారం అంటే లైను చుట్టి ఉండే స్పూలు కదలదు, లైను దాని అంచు మీంచి జారిపోతుంది. ఇందులో స్పూలే గిర్రున తిరుగుతుంది. ఎర నీళ్లలో పడ్డాక కూడా అది తిరుగుతూ ఉంటే లైను పిచ్చుక గూడవుతుంది.

అందుకే ఈ రీలుకు పెట్టే డబ్బు చాలావరకు ఒక్క పనికి పెడుతున్నట్టు: స్పూలు తేలిగ్గా కదలాలి, సమయానికి ఆగాలి. పెట్టె మీద అచ్చువేసే అంకెల్లో ఈ సంగతి దాదాపు కనబడదు.

నా మొదటి రీలు అంకెలు చూసే కొన్నాను. కంపెనీ పేరెందుకులే. "అన్నా, గిండ్ల పద్దెనిమిది బేరింగులున్నయ్, ఇంగ ఏం గావాలె?" అన్నాడు అమ్మినాయన. శంకర్‌పల్లి దాటాక ఒక చెరువు గట్టున మొదటి పూటంతా గూళ్లు విప్పుతూ కూర్చున్నాను. పక్కన వెదురు కర్రతో కూర్చున్న పెద్దాయన ఆలోపు రెండు కొర్రమీన్లు పట్టి, జాలిగా చూసి వెళ్లిపోయాడు.

ముందు మీరు విసిరేదాన్ని తూకం వేయండి

రీళ్లను పోల్చేముందు వంటింటి డిజిటల్ త్రాసు మీద మీ ఎరలు పెట్టి చూడండి. మన చుట్టుపక్కల బెయిట్‌కాస్టర్‌కు అసలు పని కొర్రమీనుతోనే. గుర్రపుడెక్క, తామరాకుల మీద రబ్బరు కప్పను దూకిస్తూ లాగడం, చేప కొట్టగానే గట్టిగా గుంజి కలుపులోంచి బయటికి తేవడం. ఈ కప్పలు చాలావరకు 10 నుంచి 20 గ్రాముల మధ్య ఉంటాయి. 34 మిల్లీమీటర్ల స్పూలున్న మామూలు రీలుకు ఇది హాయైన బరువు. 7 గ్రాముల లోపు ఎరలకు సన్న స్పూలున్న ప్రత్యేకమైన రీళ్లు కావాలి, వాటి ధర వేరు. కొత్తవాళ్లకు అంత తేలికవాటికి స్పిన్నింగ్ రీలే మేలు.

ఇక మీరు పిండిముద్ద కట్టి, బెండు తేలేసి బొచ్చె, రోహు కోసం కూర్చునే రకమైతే ఈ వ్యాసం ఇక్కడితో మూసేయొచ్చు. ఆ పనికి బెయిట్‌కాస్టర్ అక్కర్లేదు. ఊరికే చూడటానికి బాగుంటుందని కొంటే మాత్రం నేను అడ్డు చెప్పను.

హ్యాండిల్ ఏ వైపో ఇప్పుడే తేల్చుకోండి

స్పిన్నింగ్ రీలులో హ్యాండిల్ విప్పి అటుది ఇటు పెట్టుకోవచ్చు. ఇందులో కుదరదు. కుడి హ్యాండిల్ రీలు, ఎడమ హ్యాండిల్ రీలు వేర్వేరు సరుకులు. కుడిచేత్తో విసిరి, అదే చేత్తో రాడ్డు పట్టుకుని ఎడమచేత్తో తిప్పేవాళ్లు ఎడమ హ్యాండిల్ కొనాలి. తగ్గింపు ధర కనబడగానే వైపు చూడకుండా ఆర్డరిచ్చి నాలుక కరుచుకున్నవాళ్లను చూశాను.

పెట్టె మీది అంకెలు: ఏది నమ్మాలి, ఏది వదిలేయాలి

గేరు నిష్పత్తి నిజంగా పనికొచ్చే అంకె. 6.3:1 అంటే హ్యాండిల్ ఒక్క చుట్టుకు స్పూలు 6.3 చుట్లు తిరుగుతుంది. కానీ నిష్పత్తి ఒక్కటే పోలిస్తే మోసపోతాం, స్పూలు వ్యాసం కూడా కలపాలి. 34 మిల్లీమీటర్ల స్పూలు నిండా లైనుంటే ఒక చుట్టుకు సుమారు 10.7 సెంటీమీటర్లు వస్తుంది. ఆ లెక్కన 6.3:1 రీలు హ్యాండిల్ చుట్టుకు 67 సెంటీమీటర్లు, 7.3:1 రీలు 78, 8.1:1 రీలు 86 దాకా లాగుతాయి. స్పూలు చిన్నదైతే అదే 7.3 తక్కువ లాగుతుంది. సగం లైను బయట ఉన్నప్పుడు ఇంకా తక్కువ.

వేగం పెరిగితే బలం తగ్గుతుంది, సైకిలు గేర్ల లెక్కే. అయినా కప్పలతో ఆడేవాళ్లకు 7కు పైనే మంచిదంటాను. చేప కొట్టాక వదులైన లైనును గబగబా చుట్టేయకపోతే, కొర్రమీను కలుపు మొదట్లో దూరి కూర్చుంటుంది.

బేరింగుల సంఖ్య గురించి నాకు పాత కోపం ఉంది కాబట్టి కాస్త గట్టిగానే చెబుతాను: అది చూసి కొనకండి. స్పూలుకు రెండువైపులా ఉండేవి, దంతాల గేరు ఇరుసును మోసేవి బాగుంటే చాలు. హ్యాండిల్ పిడుల్లో నాలుగు బేరింగులు కుక్కి సంఖ్య పెంచితే ఎర ఒక్క అడుగు కూడా ఎక్కువ దూరం పోదు. మంచివి ఐదున్న రీలు, నాసివి పద్దెనిమిదున్న రీలును సునాయాసంగా మించిపోతుంది.

డ్రాగు అంటే చేప గట్టిగా లాగినప్పుడు లైను తెగకుండా బిగువుతో జారనిచ్చే ఏర్పాటు. దాని సంఖ్య కూడా అంతే. పెట్టె మీద 8 కిలోలని ఉంటుంది. ఆ 8 కిలోలు కుదుపుల్లేకుండా ఇస్తుందా అన్నదే ప్రశ్న, దాన్ని ఇంట్లోనే తేల్చే పద్ధతి కింద చెబుతాను.

బ్రేకు ఏ రకమో అర్థం చేసుకోండి

డబ్బు విలువ దాక్కున్నది ఇక్కడే కాబట్టి ఆగి చూద్దాం. ప్రధానంగా రెండు రకాలు. సెంట్రిఫ్యూగల్ బ్రేకులో స్పూలు పక్కన చిన్న దిమ్మలుంటాయి. స్పూలు జోరుగా తిరిగితే అవి బయటికి విసిరినట్టు జరిగి ఒక వలయానికి రాసుకుంటాయి. వేగం రెట్టింపైతే ఆ తోపుడు నాలుగింతలవుతుంది. అంటే విసిరిన తొలి క్షణంలో గట్టిగా పట్టి, చివర్లో దాదాపు వదిలేస్తుంది. దూరం బాగా పోతుంది. షిమానో కంపెనీ ఎక్కువగా ఈ దారిలో నడిచింది.

అయస్కాంతపు బ్రేకు వేరు. మన ఇళ్లలో పాత కరెంటు మీటరు గుర్తుందా, గాజు వెనక అల్యూమినియం పళ్లెం మెల్లగా తిరిగేది? దాని పక్కనున్న అయస్కాంతం ముట్టుకోకుండానే పళ్లేన్ని అదుపులో పెడుతుంది. రీలులోనూ అల్యూమినియం స్పూలుకు అదే జరుగుతుంది. బయట గుండ్రటి మీట తిప్పితే అయస్కాంతాలు దగ్గరవుతాయి, దూరమవుతాయి. ఎదురుగాలి వచ్చినప్పుడు మూత తీయకుండానే సర్దుకోవచ్చు, అందుకే కొత్తవాళ్లకు సుఖం. దైవా కంపెనీ ఈ దారి పట్టింది. రెండూ కలిపి పెట్టినవీ ఉన్నాయి.

షిమానో డీసీ (డిజిటల్ కంట్రోల్) రీళ్లలో చిన్న చిప్ బ్రేకు వేస్తుంది. దానికి బ్యాటరీ ఉండదు, స్పూలు తిరగడం వల్లే కరెంటు పుడుతుంది. ముచ్చటైన పనితనమే. కానీ కప్పలు విసిరే మన చెరువు పనికి అంత ధర పెట్టాలని నాకనిపించదు.

దుకాణంలో ఐదు నిమిషాలు

నగరంలో ఈ సామాను చేతిలోకి తీసుకుని చూసే దుకాణాలు తక్కువే. అయినా ఆన్‌లైన్‌లో కొనేముందు ఒకసారి వెళ్లి, లేదా ఉన్న స్నేహితుడిని అడిగి, రెండు మూడు రీళ్లు పక్కపక్కన పెట్టుకోండి.

స్పూలు పక్కనున్న టెన్షన్ మీట వదులు చేసి, స్పూలు వదిలే మీట నొక్కి, బొటనవేలితో స్పూలును ఒకసారి మీటండి. ఎంతసేపు తిరిగిందన్నదాని కంటే ఎలా తిరిగిందన్నది ముఖ్యం. గరగర, వణుకు ఉంటే పక్కన పెట్టేయండి. స్పూలును ఇరుసు వెంట అటూ ఇటూ కదిపి చూడండి, మీట కాస్త బిగించగానే ఆ కదలిక పోవాలి. స్పూలుకూ ఫ్రేముకూ మధ్య సందు అన్నివైపులా ఒకేలా ఉందా? ఎక్కువ సందుంటే సన్న లైను అందులో దూరి ఇరుసుకు చుట్టుకుంటుంది.

తర్వాత హ్యాండిల్ ముందుకు తిప్పి ఆపి, వెనక్కి నెట్టి చూడండి. ఏమాత్రం వెనక్కి జరగకూడదు. జరిగితే చేప కొట్టినప్పుడు మీ గుంజుడు బలం ఆ వదులులోనే పోతుంది. ఇక పక్క మూతలను చేత్తో గట్టిగా నొక్కి పట్టుకుని తిప్పండి. గ్రాఫైట్ ఫ్రేము నాసిదైతే ఒత్తిడికి వంగి గేర్ల శబ్దం మారుతుంది. అల్యూమినియం ఫ్రేము అలా వంగదు, కాస్త బరువంతే. చిన్న చేపలకు గ్రాఫైట్ చాలు, కలుపులోంచి కొర్రమీన్లను పీకే రీలుకు మాత్రం అల్యూమినియం ఫ్రేము, ఇత్తడి గేరు ఉన్నదానికే రెండు వేలు ఎక్కువైనా ఇస్తాను.

ఉప్పునీటి రక్షణ అని పెట్టె మీద రాసి ధర పెంచితే ఒకటి ఆలోచించండి. మన నగరానికి సముద్రం లేదు. సూర్యలంకకో, మచిలీపట్నం వైపో తరచుగా వెళ్లేవాళ్లకు ఆ ఖర్చు సార్థకం. చెరువులు, సింగూరు, నాగార్జునసాగర్ వరకే తిరిగేవాళ్లకు కాదు.

బకెట్టు పరీక్ష, మైదానం పరీక్ష

రీలు ఇంటికొచ్చాక వాపసు గడువు ముగిసేలోపు రెండూ చేయండి.

బకెట్టులో నాలుగు లీటర్ల నీళ్లు పోయండి. నీళ్లే నాలుగు కిలోలు, పైన బకెట్టు బరువు. లైను కొన బకెట్టు కాడకు కట్టి, రాడ్డు లేకుండా రీలును రెండు చేతుల్తో పట్టుకుని పైకెత్తండి. డ్రాగును కొద్దికొద్దిగా వదులు చేస్తూ పోతే ఒకచోట బకెట్టు దిగడం మొదలవుతుంది. అది మెల్లగా, ఒకే తీరులో దిగితే డ్రాగు మంచిది. ఆగి, దుమికి, మళ్లీ ఆగితే డ్రాగు పట్టేస్తోందని అర్థం. అలాంటి రీలు పెద్ద చేప తగిలినప్పుడు లైను తెంపిస్తుంది. పెట్టె మీద 10 కిలోలున్న రీలొకటి పూర్తిగా బిగించినా ఐదు లీటర్లకే జారడం చూశాను. అది డ్రాగు తప్పో, స్పూలు మీద లైనే జారిందో ముందు తేల్చుకోండి. సన్న పోగులతో అల్లిన బ్రెయిడ్ లైను నున్నని స్పూలు మీద మొత్తం చుట్టగా జారుతుంది. అడుగున నాలుగైదు మీటర్లు నైలాన్ లైను చుట్టి దాని మీద బ్రెయిడ్ కడితే ఆ బాధ ఉండదు.

మైదానం పరీక్షకు గాలం తీసేసిన ఎర కావాలి. పొద్దున్నే, క్రికెట్ పిల్లలు రాకముందే వెళ్లండి. టెన్షన్ మీటను ఎర మెల్లగా దిగి, నేల తాకగానే స్పూలు ఆగేంత బిగించండి. బ్రేకును పూర్తి స్థాయిలో పెట్టి పది విసుర్లు, తర్వాత ఒక్కో మెట్టు తగ్గిస్తూ పదేసి విసుర్లు. ఎన్ని అడుగులు పోయింది, ఎన్ని గూళ్లు కట్టింది అని రాసుకోండి. రెండు రీళ్లు పోలుస్తుంటే రాడ్డు, లైను, ఎర ఒక్కటే ఉండాలి, లేకపోతే పోల్చింది రీళ్లను కాదు. నా లెక్కలో ఎక్కువ దూరం పోయినది గెలవదు. పది విసుర్లలో గూడు కట్టకుండా మధ్యస్థ దూరం పోయిందే గెలుస్తుంది. చెరువు దగ్గర ఒక గూడు విప్పే సమయంలో పది విసుర్లు విసరొచ్చు.

ఇక్కడో చిన్న కిటుకు. స్పూలును నిండా నింపకండి. మన చెరువుల్లో 60, 70 మీటర్ల బ్రెయిడ్ చాలు. లైను బరువు తగ్గితే స్పూలు తేలిగ్గా కదులుతుంది, చవక రీలు కూడా ఒక మెట్టు పైదానిలా విసురుతుంది. హ్యాండిల్ చుట్టుకు వచ్చే పొడవు కొంచెం తగ్గుతుంది, దానికి సిద్ధపడాలి.

ధరను సీజన్లతో భాగించండి

అమ్మేవాడిని ఒక్క ప్రశ్న అడగండి: "లైనును అటూ ఇటూ నడిపే గైడు లోపలి చిన్న పాల్ అరిగితే విడిగా దొరుకుతుందా?" వేళ్ల సందులో పట్టేంత చిన్న ముక్కే, కానీ అది అరిగితే రీలు మూలపడుతుంది. ఉదాహరణకు 2,500 రూపాయల రీలు విడిభాగం దొరక్క రెండు సీజన్లకే పోతే సీజనుకు 1,250 పడ్డట్టు. 8,000 రూపాయలది మధ్యలో 800 పెట్టి బాగుచేయించుకుని ఎనిమిది సీజన్లు వాడితే సీజనుకు 1,100. అలాగని చవకవన్నీ చెత్త అనను. ఏడాదికి నాలుగైదు ఆదివారాలు వెళ్లేవాడికి బకెట్టు పరీక్ష నెగ్గిన మూడు వేల రీలు సరిపోతుంది.

పాతవి కొనడానికి భయపడేవాళ్లకు ఒక మాట. స్వీడన్‌లో 1921లో గడియారాల తయారీతో మొదలైన అబూ కంపెనీ, తర్వాత గుండ్రటి అంబాసడర్ రీళ్లతో పేరు తెచ్చుకుంది. దశాబ్దాల నాటివి ఇప్పటికీ విప్పి, తుడిచి, వాడుతున్నారు. పాత రీలు చూసేటప్పుడు స్పూలు అంచుకు గీతలున్నాయా అని గోటితో తడమండి, గైడు నడిచే మరదండ గాడులు పదునుగా ఉన్నాయా చూడండి. చివరగా ఏ నూనె వేశారో అడగండి. "ఇంట్లున్న కొబ్బరి నూనెనే ఏసిన భయ్యా" అంటే బేరం తగ్గించండి. డిసెంబరు చలికి ఆ నూనె లోపలే గడ్డకట్టి ఉంటుంది, బేరింగులన్నీ విప్పి కడిగే పని మీదే.