గాలి పట్టడం, 4వ పాఠం: ఊపిరి బిగపట్టి కుళాయి తిప్పడం

పోయిన పాఠంలో పీపీఎం అంటే ఏమిటో చూశాం. పది లక్షల పాళ్ల గాలిలో ఒక పాలు. ఈసారి చేతిపని: దక్షిణ ధ్రువంలో కార్బన్ డయాక్సైడ్ కోసం గాలి నమూనా పట్టడం.

అక్కడ ఈ పని 1957లో అమెరికా శాస్త్రవేత్త చార్లెస్ కీలింగ్ కార్యక్రమంతో మొదలైంది. సామాను చూస్తే పెద్దగా ఏమీ లేదు. ఐదు లీటర్ల గాజు ఫ్లాస్కు, దాని మెడకి ఒక గాజు కుళాయి. లోపలి గాలి అంతా ముందే తోడేసి ఉంటుంది. కుళాయి తిప్పితే చాలు, బయటి గాలి బుస్సుమంటూ దూరిపోతుంది. మరి ఇందులో నేర్చుకోవడానికి ఏముంది?

మీ ఊపిరి ఉంది. మనం వదిలే గాలిలో దాదాపు 4 శాతం కార్బన్ డయాక్సైడే, అంటే 40,000 పీపీఎం. బయట ఉన్నది 420 చిల్లర. ఇప్పుడు లెక్క వేయండి. ఫ్లాస్కులోకి మీ ఊపిరి ఒక్క మిల్లీలీటరు పోయిందనుకుందాం. అది ఐదు వేలలో ఒక వంతు. 40,000ని 5,000తో భాగిస్తే 8 పీపీఎం! గాలిలో ఈ వాయువు ఇప్పుడు ఏడాదికి పెరుగుతున్నదే రెండున్నర పీపీఎం. అంటే ఒక్క మిల్లీలీటరుతో మీరు మూడేళ్లు ముందుకు దూకేశారన్నమాట. కుండెడు పాలలో నిమ్మచుక్క పడ్డట్టే. దక్షిణార్ధగోళంలో ప్రయోగశాలల కొలతల మధ్య తేడా 0.05 పీపీఎం దాటకూడదన్నది ప్రపంచ వాతావరణ సంస్థ పెట్టుకున్న గురి.

అందుకే పద్ధతి ఇలా ఉంటుంది. దక్షిణ ధ్రువంలో ఉన్న అమెరికా పరిశోధన కేంద్రం అమండ్సెన్-స్కాట్‌లో గాలి ఎక్కువగా ఒకే వైపు నుంచి వీస్తుంది. ఆ వైపు బండ్లు పోనివ్వరు. ముందు గాలి ఎటు నుంచి వస్తోందో చూసుకోండి. రెండు మూడు సార్లు గట్టిగా ఊపిరి పీల్చి వదలండి, చివరిగా ఒకటి పీల్చి బిగపట్టండి. గాలికి ఎదురుగా పది అడుగులు నడవండి, వదిలిన ఊపిరంతా వెనకే ఉండిపోతుంది. ఫ్లాస్కును ముఖానికి దూరంగా, పైకెత్తి పట్టుకుని కుళాయి తిప్పండి. బుస్సు ఆగాక మూయండి. మూశాకే ఊపిరి.

వెంటనే రెండో ఫ్లాస్కు కూడా పట్టండి. రెండింటి అంకెలూ కలవకపోతే ఏదో తేడా కొట్టిందని తెలుస్తుంది. కానీ కలిస్తే అంతా బాగున్నట్టేనని నేనైతే అనుకోను. రెండుసార్లూ ఒకే తప్పు చేస్తే అవి కూడా చక్కగా కలుస్తాయి.

ఇంటి సాధన: డాబా మీద అగరుబత్తి వెలిగించి పొగ ఎటు పోతోందో చూడండి. దానికి ఎదురుగా, ఊపిరి బిగపట్టి, ఖాళీ సీసా మూత తీసి పదిహేను లెక్కపెట్టి మూయండి. చేతులకి మందపాటి గ్లోవ్స్ వేసుకుని చేయండి, అసలు కష్టం అప్పుడు తెలుస్తుంది.

వచ్చే పాఠం: ఈ ఫ్లాస్కులు ప్రయోగశాల దాకా చేరేలోపు ఏమవుతుంది. చలికాలంలో నెలల తరబడి అక్కడికి విమానాలు రావు మరి.