ముందు విద్యార్థి, తర్వాతే ఏఐ: సృజన చెడకుండా అసైన్‌మెంట్ నడిపే పద్ధతి

2022 నవంబరు 30న చాట్‌జీపీటీ అందరికీ అందుబాటులోకి వచ్చింది. కొద్ది వారాలు తిరగకుండానే న్యూయార్క్ నగర ప్రభుత్వ పాఠశాలల యంత్రాంగం తన పరికరాల్లో, నెట్‌వర్క్‌లో దాన్ని నిలిపివేసింది. 2023 మే నెలలో ఆ నిర్ణయాన్ని తానే వెనక్కి తీసుకుంది. నిషేధం నిలిచే పని కాదని అప్పుడే తేలిపోయింది. అలాగని తలుపులు బార్లా తెరిస్తే చదువు దానంతటదే బాగుపడదని ఆ తర్వాతి పరిశోధనలు చూపించాయి. ఉపాధ్యాయుడు ప్రతి అసైన్‌మెంట్‌కూ విడిగా తేల్చుకోవలసిన విషయం ఒకటుంది: విద్యార్థి సొంత ఆలోచన ఎక్కడ మొదలై ఎంతవరకు సాగాలి, ఏఐ ఏ దశలో లోపలికి రావాలి అన్నదే అది. ఆ వరుసను కుదుర్చుకునే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

వరుస తప్పితే ఏమవుతుంది

టర్కీలోని ఒక ఉన్నత పాఠశాలలో సుమారు వెయ్యి మంది విద్యార్థులతో జరిగిన గణిత ప్రయోగాన్ని ఉపాధ్యాయులందరూ తెలుసుకోవాలి. అభ్యాస సమయంలో మామూలు చాట్‌బాట్‌ను వాడుకున్న విద్యార్థులు, ఏ సాయమూ లేనివారి కంటే 48 శాతం మెరుగ్గా లెక్కలు చేశారు. ఆ సాయం తీసేసి పరీక్ష పెట్టేసరికి, అసలు దాన్ని ముట్టనివారి కంటే 17 శాతం వెనకబడ్డారు. మరో బృందానికి ఇచ్చిన చాట్‌బాట్‌ను, జవాబు నేరుగా చెప్పకుండా ఉపాధ్యాయులు సమకూర్చిన సూచనలను అందించేలా ముందే కట్టడి చేశారు. ఆ బృందం అభ్యాసంలో 127 శాతం మెరుగుపడింది. పరీక్షలో కనిపించిన నష్టం కూడా చాలావరకు తప్పింది. రెండు బృందాల చేతిలోనూ ఉన్నది ఒకే సాంకేతికత. తేడా అంతా దాన్ని ఏం చెప్పనిచ్చారన్న దానిలో ఉంది.

లెక్కల సంగతి అలా ఉంటే, కథల సంగతి ఇంకో రకం. 2024లో సైన్స్ అడ్వాన్సెస్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో, ఏఐ ఇచ్చిన ఊహలను ఆధారం చేసుకుని రాసిన కథలను పాఠకులు మెరుగైనవిగానే గుర్తించారు. సహజంగా ఊహాశక్తి తక్కువగా ఉన్నవారికి ఆ సాయం మరీ ఎక్కువగా పనికొచ్చింది. అయితే ఆ కథలన్నీ ఒకదానినొకటి పోలి ఉన్నాయి. నలభై కాగితాలు ఒకే రాత్రి కూర్చుని దిద్దే ఉపాధ్యాయుడికి ఈ సంగతి పరిశోధకులు చెప్పనక్కర లేదు. చాట్‌బాట్‌ను నడిపే భాషా నమూనా (లాంగ్వేజ్ మోడల్) ఒక మాట తర్వాత ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువో లెక్కగట్టి రాస్తుంది కాబట్టి, ప్రత్యేకంగా మళ్లిస్తే తప్ప అది నలుగురూ నడిచిన బాటనే పట్టుకుంటుంది. ఆ బాట ఒక్క విద్యార్థి కాగితంలో కనబడదు, తరగతి మొత్తాన్ని వరుసగా చదివినప్పుడే కనబడుతుంది.

ఇక మూడో సంగతి ఏఐ కంటే చాలా పాతది. ఒక నమూనాను ముందుగా చూపించి కొత్త డిజైన్ గీయమంటే, ఇంజనీర్లు సైతం ఆ నమూనాలోని లక్షణాలను, చివరకు దాని లోపాలను కూడా తమ బొమ్మల్లోకి తెచ్చుకుంటారని జాన్సన్, స్మిత్ అనే పరిశోధకులు 1991లోనే చూపించారు. ఏఐ జవాబును ముందు చూసిన విద్యార్థి పరిస్థితీ అంతే. చూసినదాన్ని చూడనట్టు మరచిపోయి కొత్తగా ఆలోచించడం పెద్దలకే సాధ్యం కాదు.

అసైన్‌మెంట్ ఇచ్చే ముందు

ఆ పనిలో విద్యార్థి నేర్చుకోవలసినది ఏమిటో ఒక్క వాక్యంలో రాసి పెట్టుకోండి. ఆ వాక్యంలో ఉన్న పని ఏఐకి వెళ్లకూడదు. దాని చుట్టూ ఉన్న చాకిరీ వెళ్లినా నష్టం లేదు. సైన్సు ప్రాజెక్టులో విద్యార్థి తాను తీసుకున్న కొలతలను పట్టికగా అమర్చమని ఏఐని అడగవచ్చు, కానీ ఆ కొలతల నుంచి ఏం తేలిందో చెప్పవలసింది తానే. కథలో అక్షరదోషాలు దిద్దించుకోవడంలో తప్పు లేదు, అక్షరదోషాల మీదే పాఠం నడుస్తున్న వారంలో మాత్రం అదే పని తప్పవుతుంది. అందువల్ల ఏడాది మొత్తానికి ఒకే నియమం గోడకు అంటించడం కంటే, ప్రతి అసైన్‌మెంట్ పైభాగాన దేనికి అనుమతి ఉందో, దేనికి లేదో రెండు వాక్యాల్లో రాయడం మేలు. అనుమతి ఎంతవరకో తెలియనప్పుడు భయపడే పిల్లలు అసలు వాడరు, తెగించినవారు అన్నిటికీ వాడేస్తారు. చివరకు నష్టపోయేది నిజాయితీగా ఉన్నవారే.

మొదటి చిత్తుప్రతి చేతిరాతలో

పరికరాలన్నీ పక్కన పెట్టించి, తరగతిలోనే ఇరవై నిమిషాలు ఇచ్చి, చిత్తుప్రతిని కాగితం మీద రాయించండి. ఇంటికి వదిలేస్తే ఈ దశ జరగదు. ఈ విషయంలో ఆశ పెట్టుకోవడం వృథా. ఇరవై నిమిషాల్లో వ్యాసం పూర్తి కానవసరం లేదు. కొట్టివేతలు, సగంలో ఆగిన వాక్యాలు, బాణం గుర్తులు అన్నీ ఉండవచ్చు. చదివి తెలుసుకున్న దానికంటే తాము స్వయంగా పుట్టించుకున్నది మనుషులకు బాగా గుర్తుంటుందని స్లామెకా, గ్రాఫ్ 1978లో జరిపిన ప్రయోగాలు చూపాయి. బృందాలుగా కూర్చోబెట్టి ఊహలు చెప్పించే అలవాటు ఉంటే, ముందు ఎవరికి వారు విడిగా రాసుకున్నాకే నోరు విప్పనివ్వండి. ఒకరు గట్టిగా చెప్పిన మొదటి ఊహ మిగతావారి ఊహలను మింగేస్తుంది. ఏఐ మాట్లాడకముందే జరిగే నష్టం ఇది.

ఏఐని చదువరిగా కూర్చోబెట్టడం

ఈ దశ మీద ఎంత శ్రద్ధ పెడితే అంత ఫలితం ఉంటుంది. చిత్తుప్రతిని టైప్ చేసి ఏఐకి ఇచ్చినప్పుడు ‘దీన్ని మెరుగుపరచు’ అనే మాట విద్యార్థి నోట రాకూడదు. ఆ ఒక్క మాటతో రాత చేతులు మారిపోతుంది.

నీళ్లు రాని రోజు గురించి రాయమన్నప్పుడు ఒక అమ్మాయి ఇలా మొదలుపెట్టిందనుకుందాం: ‘నీళ్లు రాని రోజు మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడుకోరు.’ దీన్ని మెరుగుపరచమంటే తిరిగి వచ్చేది ఈ ధోరణిలో ఉంటుంది: ‘నీరు సమస్త జీవరాశికి ప్రాణాధారం. నీటి కొరత మన దైనందిన జీవితంపై తీవ్ర ప్రభావం చూపుతుంది.’ వ్యాకరణంలో లోపం లేదు, అమ్మాయి మాత్రం అందులో లేదు. పైగా రెండోదే గొప్పగా ఉందని ఆమె నమ్మే ప్రమాదం ఉంది, ఎందుకంటే పరీక్షల్లో మంచి మార్కులు పడే వ్యాసాలు చాలావరకు అలాగే ఉంటాయి. ఇందులో ఏఐ తప్పు కంటే మన మూల్యాంకనం తప్పే ఎక్కువ.

దానికి బదులు ఏఐకి ఇచ్చే ఆదేశాన్ని, అంటే ప్రాంప్ట్‌ను, ఇలా రాయించండి: ‘కింద ఉన్నది నా చిత్తుప్రతి. దీన్ని తిరగరాయవద్దు, ఒక్క వాక్యం కూడా కొత్తగా రాసి ఇవ్వవద్దు. చదువుతుంటే అర్థం కాని చోట్లు, ఇంకా తెలుసుకోవాలనిపించిన చోట్లు చూసి, నన్ను మూడు ప్రశ్నలు మాత్రమే అడుగు.’ అప్పుడు ‘ఎవరూ మాట్లాడుకోకపోవడానికి కారణం కోపమా, అలసటా?’ అని అది అడగవచ్చు. ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి, ‘కోపం కాదు, కుళాయిలో చప్పుడు వినిపిస్తుందేమోనని అందరం చెవులొగ్గి ఉంటాం’ అని రాస్తుంది. ఈ జవాబు ఏ యంత్రానికీ తెలిసే అవకాశం లేదు. ప్రశ్న పడకపోతే ఆమె రాసి ఉండేది కూడా కాదేమో. ఏఐ హద్దు మీరి వాక్యాలు రాసి ఇస్తే, నియమాన్ని మళ్లీ గుర్తుచేయమని విద్యార్థికి చెప్పండి. సంభాషణ సాగేకొద్దీ అది అలా జారడం మామూలే.

లెక్కలకూ ఇదే పద్ధతి వర్తిస్తుంది. ఎక్కడ ఆగిపోయారో విద్యార్థి ఒక వాక్యంలో రాసి, తర్వాతి మెట్టుకు సూచన మాత్రమే అడగాలి. చరిత్రలో పనిని తలకిందులు చేయవచ్చు: ఆధారాలతో ఒక పేరా రాయమని ఏఐని అడిగి, అందులోని ప్రతి ఆధారమూ నిజంగా ఉందో లేదో విద్యార్థులతో వెతికించండి. లేని పుస్తకాలను ఉన్నట్టు చెప్పే అలవాటు ఈ భాషా నమూనాలకు ఉంది కాబట్టి, వెతుకులాట ఊరికే పోదు.

పై తరగతుల్లో వరుసను ఒక్కోసారి కావాలనే తిప్పవచ్చు. ఇచ్చిన అంశం మీద పది ఊహలు ఏఐని అడిగి, వాటిని బోర్డు మీద రాసి, ఆ పదింటినీ ఎవరూ వాడకూడదని నియమం పెట్టండి. అందరికీ ముందుగా తట్టే ఊహలు అలా పక్కకు తప్పుకుంటాయి. చిన్న తరగతుల్లో ఇది వద్దు, బోర్డు మీద చూసినదే వారి తలలో తిష్ఠ వేస్తుంది.

మార్కులు దేనికి

తుది ప్రతికి మాత్రమే మార్కులు ఇస్తే పైన చెప్పిన దశలన్నీ నటనగా మిగులుతాయి. చేతిరాత చిత్తుప్రతిని, ఏఐతో సాగిన సంభాషణ ప్రతిని, తుది ప్రతిని కలిపి తీసుకోండి. వాటితోపాటు విద్యార్థి ఏ సూచనను ఎందుకు స్వీకరించాడో, దేన్ని ఎందుకు తోసిపుచ్చాడో ఐదారు వాక్యాల్లో రాయాలి. తోసిపుచ్చడానికి చెప్పిన కారణంలో విద్యార్థి అభిరుచి తెలుస్తుంది, దానికి మార్కులు కాస్త ఉదారంగానే వేయవచ్చు. అన్ని కాగితాలూ ఇంత లోతుగా చూడటం కుదరకపోతే, ప్రతిసారీ కొందరిని పిలిచి తమ రాతలోని ఒక పేరా గురించి మాట్లాడించండి. రాసినవాడికి ఆ పేరా గురించి చెప్పడానికి ఎప్పుడూ ఏదో ఉంటుంది.

ఏఐ రాతను పసిగడతామనే సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడి ఎవరినీ శిక్షించకండి. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థ 2023 జనవరిలో విడుదల చేసిన సొంత గుర్తింపు సాధనం ఏఐ రాసిన పాఠ్యంలో 26 శాతాన్నే పట్టుకుంది, మనుషులు రాసినదాంట్లో 9 శాతాన్ని ఏఐ రాతగా పొరబడింది. తగిన కచ్చితత్వం లేదని ఆ సంస్థే జులైలో దాన్ని ఉపసంహరించుకుంది. అదే ఏడాది అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఏడు గుర్తింపు సాధనాలను పరీక్షించగా, ఇంగ్లిష్ మాతృభాష కానివారు టోఫెల్ అనే ఇంగ్లిష్ సామర్థ్య పరీక్ష కోసం రాసిన వ్యాసాల్లో సగటున 61 శాతం ఏఐ రాతలుగా తప్పుగా నమోదయ్యాయి. అనుమానం వచ్చినప్పుడు చిత్తుప్రతి అడగండి, విద్యార్థిని ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడండి.

వయసు విషయానికి వస్తే, 2023 సెప్టెంబరులో యునెస్కో విడుదల చేసిన మార్గదర్శకాలు తరగతిలో ఏఐ వాడకానికి కనీస వయసు 13 ఏళ్లుగా ఉండాలని సూచించాయి. అంతకన్నా చిన్నవారికి విడిగా ఖాతాలు తెరిపించకుండా, ఉపాధ్యాయుడి కంప్యూటర్‌ను తెర మీద చూపిస్తూ, ఏం అడగాలో తరగతి అంతా కలిసి నిర్ణయించేలా నడపండి. విద్యార్థుల పేర్లు, ఇంటి వివరాలు, ఫొటోలు ప్రాంప్టుల్లోకి వెళ్లకుండా చూసుకోండి. నీళ్లు రాని రోజు లాంటి సొంత అనుభవాలు రాయించినప్పుడు, ఏఐకి ఇచ్చే ముందు కుటుంబ సభ్యుల పేర్లను మార్చి టైప్ చేయమనండి.