అక్షరాలు గీద్దాం – 4వ పాఠం: మూల కోసిన అక్షరం

పోయిన పాఠంలో ‘ర’ను గుండ్రంగా గీశాం. ఈసారి గ్రాఫ్ పుస్తకం, స్కేలు దగ్గర పెట్టుకోండి.

విజయవాడ ఆటోనగర్‌లో బండ్లకు అంటించే రేడియం స్టిక్కర్లు, ఊళ్ళో జిమ్ముల బోర్డులు ఒకసారి పరీక్షగా చూడండి. కొన్నింటి మీద ఇంగ్లిష్ అక్షరాలకు వంపే ఉండదు. వంపు రావాల్సిన చోట మూలను ఏటవాలుగా కోసేసి ఉంటారు. స్పీడు, మెషీను, రేపటి కాలం అనిపించాలంటే ఈ కోత బాగా పనిచేస్తుంది. 1967లో డచ్ డిజైనర్ విమ్ క్రౌవెల్ ‘న్యూ ఆల్ఫబెట్’ గీసింది ఇలాగే. అప్పట్లో కొత్తగా వస్తున్న క్యాథోడ్ రే ట్యూబ్ (పాత టీవీల్లో ఉండే తెర) టైప్‌సెట్టింగ్ మెషీన్లలో, అంటే అచ్చుకు అక్షరాలు కూర్చే మెషీన్లలో, వంపులు మెట్లు మెట్లుగా పడేవి. అందుకని అడ్డగీత, నిలువుగీత, 45 డిగ్రీల కోతతోనే అక్షరాలన్నీ కట్టాడు. చదవడం మాత్రం కష్టం. అందుకే ఈ రకాన్ని బోర్డు మీద షాపు పేరుకు మాత్రమే వాడండి. ఫోన్ నంబరుకు అసలు వద్దు, దూరం నుంచి 8, 0 ఒకేలా కనిపిస్తాయి.

ఇక పని. 10 గళ్ళ చదరం గీసి, లోపల 2 గళ్ళ మందం వదిలి ఇంకో చదరం గీయండి. బయటి నాలుగు మూలల్నీ 2 గళ్ళ చొప్పున ఏటవాలుగా కోయండి. చాలామంది ఇక్కడే ఆపేస్తారు. కోసిన చోట స్కేలు పెట్టి కొలవండి: 2 గళ్ళ మందం 1.4కు పడిపోయి ఉంటుంది. అక్షరం మూలల్లో చిక్కిపోయినట్టు కనబడేది అందుకే. లోపలి మూలల్నీ 1 గడి చొప్పున కోయండి. మందం 2.1 అవుతుంది, కంటికి సరిపోతుంది. పైన తలకట్టు పెడితే ‘ర’ తయారు. తలకట్టుకు పుట్టుకతోనే కోణం ఉంది కాబట్టి దాన్ని మార్చే పని లేదు. నాకు ఈ పద్ధతిలో బాగా నచ్చేది అదే.

‘ప’ దగ్గర మాత్రం జాగ్రత్త. ‘ప’కు తలకట్టు అంటదు, ‘వ’కు అంటుతుంది. గుండ్రటి రాతలో ఆ సందు కాస్త తగ్గినా వంపును బట్టి పోల్చుకుంటాం. మూలలు కోశాక రెండూ పెట్టెల్లాగే ఉంటాయి, ఆ సందే ఆధారం. ఒకసారి బ్యాటరీ షాపు బోర్డుకు ‘పవర్’ అని గీసి, సందు అర గడే వదిలాను. బోర్డు పైకెక్కాక రోడ్డు అవతలి నుంచి చూస్తే ‘వవర్’ అని ఉంది! దింపి మళ్ళీ చేయాల్సి వచ్చింది. అప్పటినుంచి ఆ సందు గీత మందానికి తగ్గనివ్వను, అంటే ఇక్కడ 2 గళ్ళు.

ఈ వారం ‘పవర్’ మాటే గీయండి. ‘ర్’కు తలకట్టు తీసి పొల్లు పెట్టాలి, దాని మందమూ 2 గళ్ళే. కాగితాన్ని గోడకు అంటించి, పది అడుగులు వెనక్కి వెళ్ళి, ఆ మాట తెలియని వాళ్ళ చేత చదివించండి. ‘వవర్’ అన్నారంటే సందు ఇంకో అర గడి పెంచండి.