రేస్ ఇచ్చినా బండి ఎత్తుకోకపోతే: పాత కారులో జంకుకు కారణం పట్టుకోవడం ఎలా?

పాత పెట్రోల్ కారు బాగానే స్టార్ట్ అవుతుంది, ఐడ్లింగ్ కూడా నిలకడగానే ఉంటుంది. యాక్సిలరేటర్ మీద కాలు వేయగానే మాత్రం ఇంజిన్ ఒక్క క్షణం కుంగిపోయి, ఆ తర్వాత ఒక్కసారిగా లాగుతుంది. ముందున్న లారీని దాటబోతున్నప్పుడు ఆ ఒక్క క్షణం చాలా ప్రమాదం. అందుకే 'పాత బండి కదా, ఇంతే' అని వదిలేయడం నాకు నచ్చదు. వయసుతో ఇంజిన్ బలం కొంత తగ్గొచ్చు గానీ, ఇలా జంకుతోందంటే ఏదో ఒక భాగం తన పని చేయడం లేదని అర్థం. అదేదో చాలాసార్లు ఇంటి దగ్గరే తేల్చుకోవచ్చు.

ఎవరైనా ఈ సమస్య చెబితే బానెట్ ఎత్తే ముందు నేను అడిగేది ఒక్కటే: ఎప్పుడు జంకుతోంది? ఉదయం ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడేనా? అయితే చోక్, టెంపరేచర్ సెన్సార్, ఎక్కడో గాలి లీకేజీ. కాలు వేసిన మొదటి క్షణంలోనా? కార్బ్యురేటర్ (పెట్రోల్‌ను గాలితో కలిపే భాగం) బండి అయితే యాక్సిలరేటర్ పంపు, కంప్యూటర్ లెక్కతో పెట్రోల్ చిమ్మే ఇంజెక్షన్ బండి అయితే థ్రాటిల్ (గాలి దారి తెరిచే మూత) ఎంత తెరుచుకుందో చెప్పే థ్రాటిల్ పొజిషన్ సెన్సార్. ఎత్తు ఎక్కేటప్పుడు కొట్టుకుంటూ పోతోందా? ముందు ప్లగ్గులు, వైర్లు. వేగంగా కాసేపు బాగానే వెళ్లి ఆ తర్వాత నీరసపడుతోందా? పెట్రోల్ సరిపడా రావడం లేదు. ఈ జవాబు లేకుండా సామాన్లు మార్చుకుంటూ పోతే డబ్బు ఖర్చవుతుంది, కారణం మాత్రం తెలియదు.

ముందు ఇగ్నిషన్

చాలామంది నేరుగా కార్బ్యురేటర్ విప్పేస్తారు. నేను ఇగ్నిషన్, అంటే పెట్రోల్‌ను మండించే స్పార్క్ ఏర్పాటు, చూడకుండా దాని జోలికి వెళ్లను. థ్రాటిల్ తెరవగానే సిలిండర్లో ఒత్తిడి పెరుగుతుంది, ఒత్తిడి పెరిగితే స్పార్క్ దూకడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. ఐడ్లింగ్‌లో నెట్టుకొచ్చిన బలహీనమైన స్పార్క్ సరిగ్గా అక్కడే చేతులెత్తేస్తుంది.

ప్లగ్గులు తీసి, ఏది ఏ సిలిండర్‌దో తెలిసేలా వరుసలో పెట్టండి. మొన లేత గోధుమ రంగులో ఉంటే మంచిదే. తెల్లగా కాలి ఉంటే పెట్రోల్ తక్కువ, పొడి మసి పట్టి ఉంటే పెట్రోల్ ఎక్కువ, నూనె తడి ఉంటే రింగులో వాల్వ్ సీళ్లో అరిగాయి. గ్యాప్‌ను ఫీలర్ గేజ్‌తో కొలిచి మీ బండి మాన్యువల్‌లోని అంకెతో పోల్చండి. పాయింట్లున్న (స్పార్క్ కోసం కరెంటును తెంచే మీటలు) పాత ఇంజిన్లలో ప్లగ్ గ్యాప్ సాధారణంగా 0.6 నుంచి 0.8 మిల్లీమీటర్లు, పాయింట్ గ్యాప్ 0.4, 0.5 దగ్గర ఉంటుంది. స్పార్క్‌ను ఒక్కో ప్లగ్గుకు పంచే డిస్ట్రిబ్యూటర్ క్యాప్ లోపల వెంట్రుక సన్నని నల్లటి గీతలు కనిపిస్తే క్యాప్ మార్చాల్సిందే. తుడిస్తే కొన్నాళ్లు పనిచేస్తుంది, మళ్లీ మొదలవుతుంది.

వైర్ల కోసం మంచి పరీక్ష చీకట్లో చేసేది. బయట ఖాళీ చోట బండి ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, ఇంజిన్ నడుస్తుండగా స్ప్రే బాటిల్‌తో వైర్ల మీద నీళ్లు మంచులా చల్లండి. కరెంటు లీకవుతున్న చోట నీలం మెరుపులు కనిపిస్తాయి. చెయ్యి పెట్టకండి, షాక్ గట్టిగా తగులుతుంది.

ఆ తర్వాత అడ్వాన్స్. దీన్ని చూడటం చాలామంది మర్చిపోతారు, నాకేమో ఎక్కువసార్లు తప్పు ఇక్కడే దొరికింది. వేగం పెరిగేకొద్దీ, లోడ్ మారేకొద్దీ స్పార్క్ పడే సమయం ముందుకూ వెనక్కూ జరగాలి. ఇంజిన్ ఆపి, డిస్ట్రిబ్యూటర్ క్యాప్ తీసి, వాక్యూమ్ యూనిట్‌కు వచ్చే సన్న పైపును కార్బ్యురేటర్ వైపు ఊడదీయండి. ఆ కొసను నోటితో పీల్చి నాలుకతో మూయండి. లోపలి ప్లేటు కదిలి అక్కడే ఆగాలి. గాలి ధారాళంగా వచ్చేస్తుంటే డయాఫ్రమ్ చిరిగింది. అలాగే రోటర్‌ను అది తిరిగే దిశలో వేళ్లతో కొంచెం తిప్పి వదలండి. స్ప్రింగ్ లాగినట్టు వెంటనే వెనక్కి రావాలి. నా బండిలో అది బద్ధకంగా వచ్చేది. ప్లేటు కింద వెయిట్ల దగ్గర ఏళ్లనాటి గ్రీజు మైనంలా గట్టిపడి ఉంది. కడిగి, ఒక్కో పివట్‌కు ఒక్క చుక్క నూనె వేశాక, కార్బ్యురేటర్ ముట్టుకోకుండానే పికప్ తిరిగొచ్చింది. ఆఖరున టైమింగ్ లైటుతో బేస్ టైమింగ్ సరిచూసుకోండి.

దొంగతనంగా దూరే గాలి

ఇంజిన్ గాలిని పీల్చే బలాన్ని కొలిచే వాక్యూమ్ గేజ్ చిన్న పనిముట్టే గానీ చాలా చెబుతుంది. వేడెక్కిన ఆరోగ్యమైన ఇంజిన్ ఐడ్లింగ్‌లో సముద్రమట్టం దగ్గర పాదరసం లెక్కలో 17 నుంచి 21 అంగుళాలు చూపిస్తుంది. ప్రతి 1000 అడుగుల ఎత్తుకు సుమారు ఒక అంగుళం తగ్గుతుంది. ముల్లు కదలకుండా తక్కువలో నిలబడితే గాలి లీకేజీ గానీ, వెనకబడిన టైమింగ్ గానీ అనుమానించాలి. లీకేజీ కనిపెట్టడానికి కార్బ్ క్లీనర్ చల్లే అలవాటు చాలామందికి ఉంది. వేడి ఎగ్జాస్ట్ పక్కన మండే ద్రవం చల్లడం నేను ఒప్పుకోను. సబ్బు నీళ్లు చాలు. మ్యానిఫోల్డ్ గ్యాస్కెట్ అంచుల మీద, రబ్బరు పైపుల అతుకుల మీద చల్లుతూ పోండి. నీళ్లు లోపలికి పీల్చుకున్న చోట ఐడ్లింగ్ చప్పుడు మారుతుంది. బ్రేక్ బూస్టర్ పైపును కూడా గుడ్డ చుట్టి ప్లయర్‌తో ఒక క్షణం నొక్కి చూడండి. ఐడ్లింగ్ సర్దుకుంటే లీకు బూస్టర్‌లోనే ఉంది. దాన్ని అలా వదిలేసి నడపకండి, అది బ్రేకుల సంగతి.

కార్బ్యురేటర్‌లో చిన్న పంపు

పెట్రోల్ పూర్తిగా మండాలంటే ఒక గ్రాముకు దాదాపు 14.7 గ్రాముల గాలి కావాలి. యాక్సిలరేటర్ ఒక్కసారిగా నొక్కితే గాలి వెంటనే దూసుకొస్తుంది, బరువైన పెట్రోల్ వెనకబడుతుంది. ఆ లోటు పూడ్చడానికే యాక్సిలరేటర్ పంపు అదే క్షణంలో కాస్త పెట్రోల్ చిమ్ముతుంది.

ఇంజిన్ ఆపి, చల్లారాక ఎయిర్ ఫిల్టర్ తీయండి. దగ్గర్లో నిప్పు, సిగరెట్ ఉండకూడదు. చోక్ ఫ్లాప్ తెరిచి పట్టుకుని, లోపలికి చూస్తూ థ్రాటిల్ లింకేజీని చేత్తో తిప్పండి. తిప్పిన మరుక్షణం నాజిల్ నుంచి సన్నటి ధార బలంగా రావాలి. ఆలస్యంగా వచ్చినా, చుక్కలుగా కారినా జంకుకు కారణం దొరికినట్టే. అసలేమీ రాకపోతే ముందు ఫ్లోట్ చాంబర్‌లో పెట్రోల్ ఉందో లేదో చూడండి, నిలిపి ఉంచిన బండిలో అది ఆవిరైపోతుంది.

ధార సరిగా రాకపోవడానికి డయాఫ్రమ్ చిరగడం, ప్లంజర్ కప్పు ఎండిపోవడం, చెక్ బాల్ అతుక్కోవడం, నాజిల్ పూడుకోవడం మామూలు కారణాలు. నాజిల్‌ను కార్బ్ క్లీనర్‌తో, గాలితో శుభ్రం చేయాలి. అద్దాలు పెట్టుకోండి, ఆ ద్రవం ఎటు చిమ్ముతుందో చెప్పలేం. తీగ మాత్రం దూర్చకండి, రంధ్రం పెద్దదైతే ఇక ఆ కొలత తిరిగి రాదు. డయాఫ్రమ్, సీళ్లు ఉండే రిపేర్ కిట్ కొనేటప్పుడు ఇథనాల్ కలిపిన పెట్రోల్‌ను తట్టుకుంటుందని రాసి ఉన్నదే తీసుకోండి. పాతకాలపు రబ్బరును ఇథనాల్ పాడుచేస్తుంది.

ఇంజెక్షన్ బండి అయితే

థ్రాటిల్ పొజిషన్ సెన్సార్ సిగ్నల్ వైరు దగ్గర మీటర్ పెట్టి, ఇగ్నిషన్ ఆన్ చేసి, పెడల్‌ను చాలా నెమ్మదిగా నొక్కండి. చాలా బళ్లలో సుమారు 0.5 వోల్టుల నుంచి 4.5 దాకా ఎక్కడా తొట్రుపడకుండా పెరుగుతుంది. దీనికి డిజిటల్ మీటర్ కంటే ముల్లున్న పాత మీటరే మేలు, క్షణకాలం పడిపోయినా ముల్లు ఎగిరి చూపిస్తుంది. పెడల్ ఎక్కువగా తిరిగేది మొదటి భాగంలోనే కాబట్టి అరుగుదల కూడా అక్కడే.

గాలిని కొలిచే మాఫ్ సెన్సార్ తీగకు దుమ్ము పడితే, వచ్చిన గాలి కంటే తక్కువ చెబుతుంది. దానికోసమే అమ్మే స్ప్రే వాడండి, బ్రష్ వద్దు. సెన్సార్‌కూ థ్రాటిల్‌కూ మధ్య ఉన్న రబ్బరు గొట్టాన్ని చేత్తో వంచి మడతల్లో చూడండి. రేస్ ఇచ్చినప్పుడు ఇంజిన్ పక్కకు ఒరిగి, ఐడ్లింగ్‌లో కనబడని పగులు అప్పుడే తెరుచుకుంటుంది.

స్కానర్ తగిలించే వీలుంటే ఫ్యూయల్ ట్రిమ్, అంటే కంప్యూటర్ తన లెక్కకు పెట్రోల్ ఎంత కలుపుతోందో తగ్గిస్తోందో చెప్పే శాతం, చూడండి. ప్లస్ 10 శాతం దాటితే ఇంజిన్‌కు పెట్రోల్ చాలడం లేదని కంప్యూటర్ అనుకుంటోంది. ఐడ్లింగ్‌లో ఎక్కువుండి 2500 ఆర్‌పీఎం దగ్గర తగ్గితే గాలి లీకేజీ. లోడ్ పెరిగేకొద్దీ పెరుగుతుంటే ఫిల్టర్, పంపు, మాఫ్ చూడాలి.

పెట్రోల్ వైపు మొదటి పరీక్ష చాలా తేలిక: ట్యాంకు మూత కొంచెం వదులు చేసి ఖాళీ రోడ్డు మీద కాస్త దూరం నడపండి. జంకు పోతే మూతకు గాలి ఆడే దారి మూసుకుపోయింది. పోకపోతే ఫిల్టర్ మార్చి, ప్రెషర్ కొలవండి, అదీ లోడ్ మీద. ఐడ్లింగ్‌లో నీరసమైన పంపు కూడా బాగున్నట్టే కనిపిస్తుంది.

ఒకసారికి ఒక్కటే మార్చండి. మార్చాక ఇంజిన్ వేడెక్కనిచ్చి, అదే రోడ్డు, అదే గేరులో నడిపి ఏం తేడా వచ్చిందో రాసుకోండి. ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా జంకుతుంటే వాల్వ్ క్లియరెన్స్ చూసి, కంప్రెషన్ గేజ్ తీయాలి. ఒక సిలిండర్ మిగతావాటి కంటే బాగా తక్కువ చూపిస్తే, ప్లగ్ రంధ్రంలో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. అంకె పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులో హెడ్ గ్యాస్కెటో. అక్కడి నుంచి ఇంజిన్ విప్పే మెకానిక్ పని.