ఒక స్టేషన్‌లో దిగి పక్క స్టేషన్‌లో ఎక్కండి: ఇంగ్లండ్ పల్లెల్లో ఒక రోజు ట్రిప్ ఎలా చేయాలి?

ఇంగ్లండ్‌లో ఎండలు మొదలవగానే మనవాళ్ల వాట్సాప్‌లో ఓ కొత్త గ్రూపు పుడుతుంది. ‘కారు మాట్లాడదాం, ఒక్క రోజులో ఆరు ఊళ్లు చూసేద్దాం’ అంటారు. తీరా చూసొచ్చేది ఆరు పార్కింగ్ స్థలాలు. కారులో వెళ్తే ఎంత నడిచినా తిరిగి కారు దగ్గరికే రావాలి. రైల్లో వెళ్తే ఆ బాధ లేదు. ఒక స్టేషన్‌లో దిగి, కొండెక్కి దిగి, పక్క స్టేషన్‌లో రైలెక్కి ఇంటికొచ్చేయొచ్చు.

అడిగిన వాళ్లందరికీ నేను చెప్పే దారి మాంచెస్టర్, షెఫీల్డ్ మధ్యలోని కొండల ప్రాంతం పీక్ డిస్ట్రిక్ట్‌లో ఉంది. ఈడేల్ స్టేషన్ నుంచి మామ్ టోర్ కొండ మీదుగా హోప్ స్టేషన్ దాకా సుమారు 11 కిలోమీటర్లు. కబుర్లు చెప్పుకుంటూ నడిస్తే ఐదు గంటలు.

1. ముందు తిరుగు రైలు చూసుకోండి

ఈ రెండు స్టేషన్లూ మాంచెస్టర్, షెఫీల్డ్ మధ్య లైనులో ఉన్నాయి. మాంచెస్టర్ నుంచి ఈడేల్‌కి ముప్పావు గంట, షెఫీల్డ్ నుంచి ఇంకా తక్కువ. ఫాస్ట్ రైళ్లు చాలావరకు ఇక్కడ ఆగవు, ఆగే రైలు ఒకటి తప్పితే గంటో అంతకన్నా ఎక్కువో కూర్చోవాలి. అందుకే సాయంత్రం రైళ్లు రెండు రాసి పెట్టుకోండి.

మాంచెస్టర్ నుంచి వచ్చేవాళ్లు దూరంగా ఉన్న హోప్‌కే ఆఫ్-పీక్ రిటర్న్ (రద్దీ లేని వేళల్లో చెల్లే రానుపోను టికెట్) తీసుకుని ఈడేల్‌లో దిగాలి. షెఫీల్డ్ వాళ్లకైతే ఈడేల్ రిటర్న్. ఒకే రైలుకి ముందుగా కొనే అడ్వాన్స్ టికెట్ మాత్రం కొనకండి, దాంతో మధ్యలో దిగడానికి కుదరదు. రైల్‌కార్డ్ (రాయితీ కార్డు) ఉంటే మూడో వంతు తగ్గుతుంది.

2. పులిహోర కట్టుకోండి

మొదటిసారి వెళ్లినప్పుడు పబ్‌లో తిందాంలే అనుకున్నాం. మూడున్నరకి చేరేసరికి వంటగది మూసేశారు. ఐదుగురం రెండు చిప్స్ ప్యాకెట్లు పంచుకున్నాం. అప్పట్నుంచీ ఎవరు వచ్చినా రాకపోయినా పులిహోర డబ్బా మాత్రం రావాల్సిందే.

పులుసు ముందు రోజు రాత్రే కాచి పెట్టుకోండి. పొద్దున్నే ఐదుగురికి ముప్పావు కిలో బియ్యం వండి, పళ్లెంలో ఆరబెట్టి కలపండి. పూర్తిగా చల్లారాకే మూత పెట్టాలి, లేకపోతే ఆవిరి పట్టి ముద్దైపోతుంది. వేయించిన పల్లీలు విడిగా చిన్న కవర్లో తీసుకెళ్లి తినేముందు చల్లుకుంటే కరకరలాడతాయి. నీళ్లు మనిషికి లీటరున్నర. కొండ మీద కొట్లేమీ ఉండవు.

3. బట్టలు, బూట్లు

జూలైలో కూడా వాన కోటు కావాలి. గొడుగు దండగ, ఆ గాలికి క్షణంలో తిరగబడుతుంది. నిక్కర్లు వద్దు. కంచెల పక్కన పెరిగే నెటిల్ మొక్క మన దురదగొండికి ఏమీ తీసిపోదు. గడ్డి పుప్పొడి పడనివాళ్లు మాత్ర వేసుకుని బయల్దేరాలి. ఫోన్లో మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, లోయలో సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది.

4. కొండెక్కండి

మాంచెస్టర్ వైపు నుంచి వస్తే మూడు కిలోమీటర్లకు పైగా సొరంగం. చీకట్లోంచి బయటపడగానే ఒక్కసారిగా పచ్చటి లోయ, రాతి గోడలు, గొర్రెలు. దిగాక, ఊరు స్టేషన్‌కి ఉత్తరాన ఉంటుంది, మనం మాత్రం దక్షిణాన కనిపించే గట్టు వైపు నడవాలి. గట్టు మీద తగిలే మొదటి చోటు హాలిన్స్ క్రాస్. ఈడేల్‌లో చర్చి కట్టకముందు ఊళ్లో ఎవరైనా పోతే శవపేటికను ఈ దారినే అవతలి కాసిల్టన్ దాకా మోసుకెళ్లేవారట. బ్యాగు బరువుగా ఉందని గొణిగే ఫ్రెండ్‌కి ఈ సంగతి ఇక్కడే చెప్పాలి.

అక్కణ్నుంచి కుడివైపు మామ్ టోర్, 517 మీటర్లు. పేరుకి అర్థం ‘అమ్మ కొండ’. పైదాకా రాళ్లు పరిచిన బాట ఉంది. కొండ ఒక పక్క ఇప్పటికీ జారుతూనే ఉంటుంది. కింద ఉన్న రోడ్డును ఎన్నిసార్లు బాగుచేసినా విరిగిపోతుంటే విసిగిపోయి 1979లో మూసేశారు. ముక్కలైన తారు ఇప్పటికీ అక్కడే ఉంది.

ఉత్తరాన బల్లపరుపుగా కనిపించేది కిండర్ స్కౌట్. ఒకప్పుడు అది జమీందార్ల వేటభూమి, మామూలు జనానికి ప్రవేశం లేదు. 1932 ఏప్రిల్ 24న మాంచెస్టర్, షెఫీల్డ్ కార్మికులు వందలమంది కావాలనే ఎక్కారు. ఐదుగురు జైలుకెళ్లారు. 1951లో పీక్ డిస్ట్రిక్ట్ బ్రిటన్‌లోనే మొదటి నేషనల్ పార్క్ అయింది. పులిహోర డబ్బా తెరవాల్సింది ఇదంతా కనిపించే మామ్ టోర్ మీదే. తూర్పున సిమెంటు ఫ్యాక్టరీ చిమ్నీ కనిపిస్తుంది, ఫొటోలో రాకూడదంటే అటు వీపు పెట్టి కూర్చోండి.

తిన్నాక వచ్చిన దారినే హాలిన్స్ క్రాస్‌కి వచ్చి, గట్టు మీదే తూర్పుకి లూజ్ హిల్ దాకా వెళ్లి, హోప్ వైపు దిగాలి.

5. పొలాల్లో జాగ్రత్త

దిగే దారి రైతుల పొలాల్లోంచి పోతుంది. పసుపు బాణం గుర్తున్న చోట నడవడం మన హక్కు, పక్కకి పోవడం కాదు. గేటు మూసి ఉంటే దాటాక మూసెయ్యాలి, తెరిచి ఉంటే అలాగే వదిలెయ్యాలి. గొర్రెలు తప్పుకుంటాయి. దూడతో ఉన్న ఆవుతోనే జాగ్రత్త, రెండింటి మధ్యలోకి అస్సలు వెళ్లకండి, దూరంగా చుట్టు తిరగండి. ఎవరికైనా కాలు మెలికపడి కదల్లేకపోతే 999కి ఫోన్ చేసి పోలీస్, ఆ తర్వాత మౌంటెన్ రెస్క్యూ అని అడగాలి.

6. తిరుగు రైలు

హోప్ ఊళ్లోంచి స్టేషన్ మరో కిలోమీటరు. పబ్‌లో కూర్చున్నా గడియారం మీద ఓ కన్నేసి ఉంచండి. కుళాయి నీళ్లు అడిగితే ఊరికే ఇస్తారు, సీసాలు నింపుకోండి. జూన్ చివర్లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురుంటుంది కాబట్టి ఒక రైలు పోయినా టెన్షన్ లేదు.

మాంచెస్టర్ వెళ్లేవాళ్లు ఎక్కిన కాసేపటికే రైలు మళ్లీ ఈడేల్‌లో ఆగుతుంది. ఐదు గంటలు నడిచిన దూరానికి పది నిమిషాలు కూడా పట్టదు. మా గ్యాంగ్‌లో ఒకడు ప్రతిసారీ ఇక్కడే, ‘అరే, ముందే ఇలా వచ్చుండొచ్చు కదరా’ అంటాడు.